మైక్రో నుంచి పికోకి మార్చేటప్పుడు సున్నాలు ఎక్కడ జారిపోతున్నాయి?

ప్రశ్న: సర్, నేను ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. 0.00045 మైక్రోమీటర్లను పికోమీటర్లలోకి మార్చమంటే నాకు 4.5 × 10⁻¹⁰ పికోమీటర్లు వచ్చింది. కీలో 450 అని ఉంది. నానో, పికో, ఆంగ్‌స్ట్రామ్, మైక్రాన్ ఏది కనిపించినా ఇదే గొడవ. ఎప్పుడు గుణించాలో, ఎప్పుడు భాగించాలో పట్టిక రాసుకుని బట్టీ పట్టాను. పరీక్ష హాల్లో టెన్షన్‌కి అది తలకిందులైపోతోంది. వేరే దారి ఏదైనా ఉందా?

జవాబు:

నీ లెక్కలో అంకెలు ఒక్కటీ తప్పు లేదు. 4.5 × 10⁻¹⁰ సరైన విలువే, కాకపోతే అది మీటర్లలో. మైక్రోమీటర్ల నుంచి మీటర్ల దాకా చక్కగా వచ్చావు. అక్కడ ఆగిపోయి, పక్కన పికోమీటర్లు అని రాసేశావు. మాచర్ల నుంచి తెనాలి వెళ్ళాల్సినవాడు గుంటూరులో బస్సు మారకుండా, తెనాలి వచ్చేసిందని దిగిపోయినట్టయింది.

ఇరవై ఏళ్ళు దాటింది నేను జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పబట్టి. మార్పిడి లెక్కల్లో పిల్లలు పోగొట్టుకునే మార్కుల్లో చాలావరకు పోయేది ఇక్కడే. గుణకారం రాక కాదు, విలువలు తెలియక కాదు, సగం దారిలో ఆగిపోవడం వల్ల. అందుకే గుణించాలా, భాగించాలా అన్న ప్రశ్ననే పక్కన పెట్టమంటాను. ప్రతి మార్పిడీ రెండు అంచెల ప్రయాణం. ఇచ్చిన ప్రమాణం నుంచి మీటరుకు రావడం మొదటి అంచె. మీటరు నుంచి అడిగిన ప్రమాణానికి వెళ్ళడం రెండో అంచె. మీటరు మన గుంటూరు బస్టాండు.

మొదటి అంచెలో ప్రమాణం ముందున్న మాటకు ఎంత ఘాతం ఉందో అంతే కలుపుతాం. మిల్లీకి −3, మైక్రోకి −6, నానోకి −9, పికోకి −12, ఫెమ్టోకి −15. రెండో అంచెలో అదే ఘాతం గుర్తు తిరగేసి కలుపుతాం. నీ లెక్కే చూద్దాం. 0.00045ని ముందు 4.5 × 10⁻⁴ అని రాసుకో. దశాంశ బిందువు పక్కన సున్నాలు వేలితో లెక్కపెట్టే పని ఇక్కడితో అయిపోవాలి, మళ్ళీ దాని జోలికి పోవద్దు. మైక్రో నుంచి మీటరుకి: −4కి −6 కలిపితే −10. మీటరు నుంచి పికోకి: పికో −12, తిరగేస్తే +12. −10కి 12 కలిపితే 2. జవాబు 4.5 × 10², అంటే 450. భాగహారం ఎక్కడా రాలేదు, రెండు కూడికలతో పని అయిపోయింది.

రెండో అంచెలో గుర్తు ఎందుకు తిరగబడుతుందో ఒక్కసారి అర్థమైతే ఇక మరిచిపోవు. ఒక పికోమీటరు 10⁻¹² మీటరు అన్నా, ఒక మీటరులో 10¹² పికోమీటర్లు ఉన్నాయన్నా ఒకటే మాట. మొదటిది పికో వైపు నిలబడి చెప్పింది, రెండోది మీటరు వైపు నిలబడి చెప్పింది. నువ్వు ఇప్పుడు మీటరు వైపు నిలబడి ఉన్నావు, కాబట్టి రెండో మాటే వాడాలి.

జవాబు వచ్చాక రెండు సెకన్లు ఆగి ఒక్కటే అడుగు: కొత్త ప్రమాణం చిన్నదా, పెద్దదా? ఒకే బియ్యాన్ని మానికతో కొలిస్తే వచ్చే లెక్క వేరు, గిద్దెతో కొలిస్తే వచ్చే లెక్క వేరు. బియ్యం పెరగలేదు. కొలిచే పాత్ర చిన్నదైంది కాబట్టి ఎక్కువసార్లు ముంచాల్సి వచ్చింది. ప్రమాణం చిన్నదైతే సంఖ్య పెరగాలి. మైక్రో కంటే పికో చిన్నది, కాబట్టి 0.00045 అన్న సంఖ్య పెరగాలి. నీకు ఇంకా తగ్గింది. ఆ ఒక్క ప్రశ్న వేసుకుని ఉంటే కీ చూడకుండానే తప్పు నీకే దొరికేది.

ఇంకో చిక్కు ఉంది. అది మనం తెలుగులో లెక్కపెట్టే పద్ధతి నుంచి వస్తుంది, క్లాసులో దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. వెయ్యి దాటాక మనం రెండేసి సున్నాలు చేర్చుకుంటూ పోతాం. వెయ్యికి మూడు, లక్షకు ఐదు, కోటికి ఏడు. మెట్రిక్ మాటలేమో మూడేసి సున్నాల మెట్లు: మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు. వెయ్యి దగ్గర రెండూ కలుస్తాయి, ఆ పైన మన పేరూ వాళ్ళ మెట్టూ ఒకచోట పడవు. అందుకే ‘మిల్లీ అంటే వెయ్యో వంతు’ అని ఠక్కున చెప్పే పిల్లలు, మైక్రో అనగానే ‘లక్షో వంతు’ అనేస్తారు. ఒక సున్నా అక్కడే పోతుంది. మైక్రో అంటే పది లక్షల్లో ఒక వంతు. నానో అంటే వంద కోట్లలో ఒక వంతు. పికో అంటే లక్ష కోట్లలో ఒక వంతు, బడ్జెట్ వార్తల్లో వినపడే లక్ష కోట్లే. ఫెమ్టో దగ్గరికొచ్చేసరికి పది కోట్ల కోట్లు అనాల్సి వస్తుంది, అక్కడ మాటలు వదిలేసి ఘాతాలకు వచ్చేయడమే మంచిది.

అలాగని మన లెక్క పనికిరాదనుకోకు. ఒకచోట అది అద్భుతంగా అతుకుతుంది. సెంటీమీటరు 10⁻² మీటరు, నానోమీటరు 10⁻⁹ మీటరు. మధ్య తేడా ఏడు సున్నాలు, అంటే సరిగ్గా కోటి. నీ చిటికెన వేలి గోరు వెడల్పు ఇంచుమించు ఒక సెంటీమీటరు ఉంటుంది. దాని మీద అడ్డంగా నానోమీటర్లు పేర్చితే కోటి పడతాయి, ఆంగ్‌స్ట్రామ్‌లైతే పది కోట్లు. బట్టీ పట్టాలనుకుంటే ఈ ఒక్క ముక్క పట్టు: సెంటీమీటరుకు కోటి నానోమీటర్లు. మిగతావి దీని నుంచి లాక్కోవచ్చు. రసాయనశాస్త్రంలో ఇది ఎంత పనికొస్తుందో కింద చెబుతాను.

ఇక మైక్రాన్ సంగతి. మైక్రాన్, మైక్రోమీటర్ రెండూ ఒకటే. 1967-68లో అంతర్జాతీయ తూనికలు కొలతల మహాసభ మైక్రాన్ అన్న పేరును రద్దు చేసింది, మైక్రోమీటర్ అనమంది. అయినా వర్క్‌షాపుల్లో, నీళ్ళ ఫిల్టర్ల మీద, ప్లాస్టిక్ కవర్ల మీద మైక్రానే రాజ్యమేలుతోంది. పాత పుస్తకాల్లో మిల్లీమైక్రాన్ అని కనిపిస్తే కంగారుపడకు. మిల్లీ −3, మైక్రాన్ −6, కలిపితే −9, అంటే నానోమీటరే.

మైక్రాన్ ఎంతుంటుందో చేత్తో తెలుసుకోవాలంటే మీ ల్యాబులో స్క్రూ గేజి ఉంది. ఏటా ప్రాక్టికల్స్ మొదటి రోజున పిల్లల్ని ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ కవర్లు తెమ్మంటాను. మన దేశంలో ప్లాస్టిక్ సంచి కనీస మందం 2016 నిబంధనల్లో 50 మైక్రాన్లు. 2021 సెప్టెంబర్ 30 నుంచి దాన్ని 75కి, 2022 డిసెంబర్ 31 నుంచి 120కి పెంచారు. మామూలు స్క్రూ గేజిలో తల స్కేలు మీద 100 విభాగాలుంటాయి, ఒక పూర్తి చుట్టుకు మర ఒక మిల్లీమీటరు జరుగుతుంది. కాబట్టి కనీసపు కొలత 0.01 మిల్లీమీటరు. మైక్రోమీటర్లలోకి తెద్దాం: 10⁻² మిల్లీ, −2కి −3 కలిపితే −5, మైక్రో వైపు +6, మొత్తం 1. అంటే 10¹, పది మైక్రాన్లు. తల స్కేలు మీద ఒక్కో గీత పది మైక్రాన్లన్నమాట. 120 మైక్రాన్ల కవరు పెడితే పన్నెండో గీత దగ్గర ఆగాలి.

పలచటి కవరు ఒక్క పొర పెడితే రెండో మూడో గీతల దగ్గర ఆగుతుంది, అంత చిన్న రీడింగును నమ్మలేం. అందుకని మూడుసార్లు మడిచి ఎనిమిది పొరలు చేయిస్తాను. పొరల మధ్య గాలి లేకుండా వేలితో గట్టిగా నొక్కాలి, రాచెట్ టిక్‌మన్నాక ఇంకో చుట్టు తిప్పకూడదు, శూన్యాంశ దోషం (ఏమీ పెట్టనప్పుడు గేజి సున్నా చూపకపోవడం) ముందే చూసుకోవాలి. ఒక అమ్మాయి పళ్ళ బండి దగ్గర ఇచ్చిన కవరు తెచ్చింది. ఎనిమిది పొరలకు తల స్కేలు పదహారో గీత మీద ఆగింది. 0.16 మిల్లీమీటరును ఎనిమిదితో భాగిస్తే 0.02 మిల్లీమీటరు. మైక్రాన్లలో ఎంత అని అడిగితే తరగతిలో సగం మంది 20 అన్నారు. మిగతా సగం మంది 0.00002 అన్నారు. రెండో గుంపు జవాబు చూడు, అది కూడా మీటర్లలో విలువే. నీలాగే గుంటూరులో దిగిపోయారు.

స్క్రూ గేజి అందుబాటులో లేకపోతే జిరాక్స్ షాపులో ఏ4 కాగితాల కట్ట చూడు. అయిదు వందల కాగితాల కట్ట మందం దాదాపు 5 సెంటీమీటర్లు. 50 మిల్లీమీటర్లను 500తో భాగిస్తే కాగితం మందం 0.1 మిల్లీమీటరు, అంటే 100 మైక్రాన్లు. ఇక నుంచి ఎవరైనా మైక్రాన్ల మాట ఎత్తితే నీ చేతిలో ఓ కొలబద్ద ఉన్నట్టే: కాగితం మందంలో నూరో వంతు ఒక మైక్రాన్.

ఆ నూరో వంతులే ఎంత పని చేయగలవో చెప్పడానికి హబుల్ టెలిస్కోప్ కథ ఒక్కటి చాలు. 1990 ఏప్రిల్‌లో దాన్ని అంతరిక్షంలోకి పంపాక బొమ్మలు మసకగా వచ్చాయి. ఆరా తీస్తే 2.4 మీటర్ల ప్రధాన దర్పణం అంచు దగ్గర ఉండాల్సిన దానికంటే దాదాపు 2.2 మైక్రోమీటర్లు పలచగా అరిగిపోయి ఉంది, అంటే కాగితం మందంలో దాదాపు నలభై అయిదో వంతు. దర్పణం ఆకారాన్ని పరీక్షించే పరికరంలో ఒక కటకం ఉండాల్సిన చోటు నుంచి 1.3 మిల్లీమీటర్లు జరిగి ఉండటం కారణం. 1.3 మిల్లీమీటర్లంటే 1300 మైక్రోమీటర్లు. 1993 డిసెంబర్‌లో వ్యోమగాములు పైకి వెళ్ళి సవరణ అద్దాలు అమర్చాకే చూపు కుదిరింది. మిల్లీమీటర్లూ మైక్రోమీటర్లూ ఒకే వాక్యంలో వచ్చినప్పుడు రెంటినీ ఒకే ప్రమాణంలోకి తెచ్చి చూడమని పిల్లల్ని వేధించడానికి నాకు ఈ ఉదాహరణ చాలా ఇష్టం.

ఇప్పుడు అసలు తలనొప్పి, ఆంగ్‌స్ట్రామ్. ఇది మూడేసి మెట్ల వరసలో ఇమడదు, 10⁻¹⁰ మీటరు దగ్గర ఒంటరిగా నిలబడుతుంది. స్వీడన్ శాస్త్రవేత్త ఆండర్స్ ఆంగ్‌స్ట్రామ్ 1868లో సూర్యకాంతి వర్ణపటం అచ్చు వేసినప్పుడు తరంగదైర్ఘ్యాలను మీటరులో 10⁻¹⁰ వంతుల లెక్కన ఇచ్చాడు, ఆయన పేరే దానికి స్థిరపడింది. సోడియం దీపం పసుపు గీతలు మనకు 5890, 5896 ఆంగ్‌స్ట్రామ్‌లుగా పరిచయం. నానోమీటర్లలో అవి 589.0, 589.6. నానో నుంచి ఆంగ్‌స్ట్రామ్‌కు పదితో, ఆంగ్‌స్ట్రామ్ నుంచి పికోకు వందతో తేడా. పరమాణువుల సైజు సరిగ్గా ఈ కొలతకు అతుకుతుంది కాబట్టే ఇది చావడం లేదు. కార్బన్-కార్బన్ ఏకబంధం 1.54 ఆంగ్‌స్ట్రామ్‌లు అంటే నోటికి సులువుగా ఉంటుంది. అదే 154 పికోమీటర్లు, అదే 0.154 నానోమీటర్లు. ఒకే బంధాన్ని భౌతికశాస్త్రం పుస్తకం ఒకలా, రసాయనశాస్త్రం పుస్తకం ఒకలా రాస్తే పిల్లవాడు రెండు వేర్వేరు కొలతలనుకుంటాడు.

ఈ పది రెట్ల తేడా నన్ను కూడా ఇబ్బంది పెట్టింది. ఎమ్మెస్సీ చదివే రోజుల్లో మామూలు ఉప్పు పొడి మీద ఎక్స్ కిరణాలు పంపి, స్ఫటికంలో పొరల మధ్య దూరం కనుక్కునే ప్రయోగం చేశాను. రాగి టార్గెట్ నుంచి వచ్చే కిరణాల తరంగదైర్ఘ్యం 1.5406 ఆంగ్‌స్ట్రామ్‌లు. కంప్యూటరులో తరంగదైర్ఘ్యం అడిగిన గడిలో 1.5406 అని కొట్టాను. ఆ గడి అడిగింది నానోమీటర్లలో, నేను కొట్టాల్సింది 0.15406. ఫలితాల్లో పొరల మధ్య దూరం 28.2 ఆంగ్‌స్ట్రామ్‌లని వచ్చింది. పొడి సరిగ్గా నూరలేదేమో అనుకున్నాను, మళ్ళీ నూరాను. నమూనా పళ్ళెం వంగిందేమో అనుకున్నాను, మార్చాను. మూడు రోజులు పోయాయి. కోణాలన్నీ సరిగ్గా ఉన్నాయి, బలమైన గీత 31.7 డిగ్రీల దగ్గరే వచ్చింది. మా మాస్టారు కాగితం మీద ఒక్క లెక్క వేయించారు. ఉప్పులో సోడియం, క్లోరిన్ మధ్య దూరం 2.82 ఆంగ్‌స్ట్రామ్‌లు. నా జవాబే నిజమైతే ప్రతి దిక్కులో పదింతలు, ఘనపరిమాణం వెయ్యింతలు, సాంద్రత వెయ్యో వంతు. అంటే ఘన సెంటీమీటరుకు 2.16 గ్రాములు ఉండాల్సిన ఉప్పు 0.00216 గ్రాములు తూగాలి, గాలి బరువుకు రెండింతలు కూడా కాదు. ఆ రోజు నుంచి ప్రమాణం పేరు చదవకుండా ఏ గడిలోనూ అంకె వేయలేదు.

ఆ ఉప్పునే ఇంకొంచెం లోతుగా చూద్దాం, ఎందుకంటే పోటీ పరీక్షల్లో స్ఫటికాల సాంద్రత లెక్క తరచుగా వస్తుంది, కాలిక్యులేటర్ ఉండదు. ఉప్పు యూనిట్ సెల్, అంటే స్ఫటికంలో మళ్ళీ మళ్ళీ వచ్చే అతి చిన్న గడి, అంచు 564 పికోమీటర్లు. సాంద్రత గ్రాములు, ఘన సెంటీమీటర్లలో కావాలి కాబట్టి పికోను సెంటీకి మార్చాలి. 564 అంటే 5.64 × 10². మీటరుకి: 2కి −12 కలిపితే −10. సెంటీకి: +2. మొత్తం −8. అంచు 5.64 × 10⁻⁸ సెంటీమీటర్లు. పైన చెప్పిన కోటి ముక్కతో సరిచూసుకో. 564 పికోమీటర్లంటే 0.564 నానోమీటరు, సెంటీమీటరుకు కోటి నానోమీటర్లు, కాబట్టి 0.564 × 10⁻⁷. అదే 5.64 × 10⁻⁸. రెండు దారులూ ఒకచోటే కలిశాయి.

ఇప్పుడు ఘనం చేయాలి. 5.64ని ఘనం చేస్తే 179.4. −8ని మూడుతో గుణిస్తే −24. ఈ రెండో మాటే చాలామంది మరిచిపోతారు, అంకెను ఘనం చేసి ఘాతాన్ని అలాగే వదిలేస్తారు. ఘనపరిమాణం 179.4 × 10⁻²⁴, అంటే 1.794 × 10⁻²² ఘన సెంటీమీటర్లు. ఒక్కో సెల్‌లో నాలుగు సోడియం క్లోరైడ్ జతలుంటాయి. సోడియం క్లోరైడ్ మోలార్ ద్రవ్యరాశి 58.5, నాలుగు 58.5లు 234, దాన్ని అవగాడ్రో సంఖ్య 6.022 × 10²³తో భాగిస్తే 3.886 × 10⁻²² గ్రాములు. ఘాతాలు రెండూ −22, కొట్టుకుపోతాయి. 3.886ని 1.794తో భాగిస్తే 2.166. ఘన సెంటీమీటరుకు 2.166 గ్రాములు, ల్యాబులో తూచినా ఇంచుమించు ఇదే వస్తుంది.

ఇదే లెక్కలో ఒక పిల్లవాడు పికో అనగానే 10⁻¹² వేసి, అది మీటరన్న సంగతి మరిచి సెంటీమీటరు అని రాశాడు. రెండే సున్నాల తేడా కదా అనుకుంటాం. ఘనం చేసేసరికి ఆరు సున్నాలయ్యాయి. సాంద్రత 21 లక్షల 66 వేల గ్రాములు వచ్చింది. ఒక్క ఘన సెంటీమీటరు ఉప్పు, అంటే చెంచాలో పట్టేంత, రెండు టన్నులు దాటింది. ఆ అంకె కింద గీత గీసి, పక్కన ‘దీన్ని ఇంట్లో ఎత్తగలవా?’ అని రాసిచ్చాను. మరుసటి వారం తనే వచ్చి వైశాల్యాల లెక్కలో ఇలాంటి తప్పే దొరికిందని చూపించాడు. చదరపు ప్రమాణమైతే ఘాతం రెండింతలు, ఘనమైతే మూడింతలు. పొడవును ముందు మార్చి, ఆ తర్వాతే వర్గమో ఘనమో చేయి. ఈ వరస తప్పకపోతే తేడా రాదు.

సూత్రాల్లో దాగిన ప్రమాణాల గురించీ ఒక మాట. ఫోటాన్ శక్తికి 1240ని తరంగదైర్ఘ్యంతో భాగించమని షార్ట్‌కట్ నేర్పుతారు. ఆ 1240 నానోమీటర్లకే. ఆంగ్‌స్ట్రామ్‌లైతే 12400. సోడియం పసుపు కాంతికి 1240ని 589తో భాగిస్తే 2.1 ఎలక్ట్రాన్ వోల్టులు. 5890తో భాగిస్తే 0.21, అది పరారుణం, కంటికి కనిపించదు. కంటికి కనిపించే కాంతి ఇంచుమించు 400 నుంచి 700 నానోమీటర్లు, అంటే 3.1 నుంచి 1.8 ఎలక్ట్రాన్ వోల్టుల మధ్య. జవాబు ఆ మధ్యలో పడకపోతే ప్రమాణం అనుమానించు. ఎలక్ట్రాన్ తరంగదైర్ఘ్యం కోసం వోల్టుల వర్గమూలంతో భాగించే 12.27 ఆంగ్‌స్ట్రామ్‌ల కోసం, 1.227 నానోమీటర్ల కోసం. వంద వోల్టులకు 1.227 ఆంగ్‌స్ట్రామ్‌లు వస్తుంది, అదే 0.1227 నానోమీటరు, అదే 122.7 పికోమీటర్లు. షార్ట్‌కట్ రాసుకునేటప్పుడు దాని పక్కనే ప్రమాణం పేరు రాయని నోటుబుక్కును నేను దిద్దను.

కొలతల మీద కొంచెం అంచనా ఉంటే సగం తప్పులు పుట్టకముందే ఆగిపోతాయి. వెంట్రుక 50 నుంచి 100 మైక్రోమీటర్లు. ఎర్ర రక్తకణం 7, 8 మైక్రోమీటర్లు. కరోనా వైరస్ దాదాపు 100 నానోమీటర్లు. డీఎన్ఏ మెలిక వెడల్పు 2 నానోమీటర్లు. హైడ్రోజన్ అణువులో రెండు పరమాణువుల కేంద్రకాల మధ్య దూరం 74 పికోమీటర్లు. ఇవి గుర్తుంటే, ఒక బంధ దైర్ఘ్యం 154 నానోమీటర్లని వచ్చినప్పుడు ‘ఇదేంటి, వైరస్ కంటే పెద్దదా?’ అని నీకే తడుతుంది.

పికో కిందికి దిగితే కేంద్రకాల లోకం. అక్కడ ప్రమాణం ఫెమ్టోమీటరు, ఎన్రికో ఫెర్మీ పేరు మీద ఫెర్మీ అని కూడా అంటారు. ఫెమ్టో ఘాతం గుర్తుండకపోతే మాట పుట్టుక గుర్తుపెట్టుకో. డేనిష్, నార్వేజియన్ భాషల్లో ‘ఫెమ్టెన్’ అంటే పదిహేను, ‘ఆటెన్’ అంటే పద్దెనిమిది. 1964లో ఆ మాటల నుంచే ఫెమ్టో, ఆటో తీసుకున్నారు. ఘాతం పేరులోనే ఉంది. బంగారం పరమాణువు వ్యాసార్ధం 144 పికోమీటర్లు, దాని కేంద్రకం వ్యాసార్ధం దాదాపు 7 ఫెమ్టోమీటర్లు. 144ని 7తో భాగించి ఇరవై రెట్లు అని రాసిన పేపర్లు ఎన్నో చూశాను. ముందు ఒకే ప్రమాణంలోకి తేవాలి: −12కి +15 కలిపితే 3, కాబట్టి 144 పికోమీటర్లు 1,44,000 ఫెమ్టోమీటర్లు. ఏడుతో భాగిస్తే ఇరవై వేల రెట్లు పైమాటే. పరమాణువులో ఎక్కువ భాగం ఖాళీ అని పుస్తకంలో ఊరికే చదివేసే వాక్యం బరువు ఈ మార్పిడి చేస్తేనే తెలుస్తుంది.

ఆటోమీటరు ఎక్కడ వాడతారని అడుగుతారు. 2015 సెప్టెంబర్ 14న అమెరికాలోని లైగో డిటెక్టర్లు మొదటిసారి గురుత్వ తరంగాన్ని పట్టుకున్నాయి. నాలుగు కిలోమీటర్ల గొట్టం పొడవులో వచ్చిన మార్పు దాదాపు 10⁻²¹ వంతు. 4 × 10³ మీటర్లను 10⁻²¹తో గుణిస్తే 4 × 10⁻¹⁸ మీటరు, అంటే 4 ఆటోమీటర్లు. ఫెమ్టోలో చెప్పాలంటే −18కి +15 కలిపితే −3, 0.004 ఫెమ్టోమీటర్లు. ప్రోటాన్ వ్యాసం 1.7 ఫెమ్టోమీటర్ల చిల్లర. ప్రోటాన్ వెడల్పులో నాలుగు వందల వంతుల్లో ఒక వంతు కదలికను నాలుగు కిలోమీటర్ల పొడవులో గుర్తుపట్టారు. అలాంటిదే మహారాష్ట్రలో హింగోలీ జిల్లాలో కట్టడానికి 2023లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం ఇచ్చింది. అందులో పనిచేసే అవకాశం నీ తరానికి ఉంది.

రాసేటప్పుడు ఒక జాగ్రత్త. మైక్రోకు వాడే గ్రీకు అక్షరం మ్యూకి ఎడమవైపు తోక కిందికి స్పష్టంగా దించు. హడావిడిలో అది చిన్న ఎమ్‌లా కనిపిస్తే మైక్రో కాస్తా మిల్లీ అయిపోతుంది, నీ సరైన జవాబు వెయ్యి రెట్లు తప్పుగా చదువుతారు.

నీ పట్టిక మూసేసి ఈ రాత్రి మూడు లెక్కలు చేయి. 75 మైక్రోమీటర్లు మిల్లీమీటర్లలో: 7.5 × 10¹, మైక్రో −6తో −5, మిల్లీ +3తో −2, జవాబు 0.075. 0.154 నానోమీటర్లు పికోమీటర్లలో: 1.54 × 10⁻¹, −10, ఆపైన +12తో 2, జవాబు 154. మూడోది నువ్వే చేసి రాయి: బంగారం కేంద్రకం 7 ఫెమ్టోమీటర్లు, ఆంగ్‌స్ట్రామ్‌లలో ఎంత? ఆంగ్‌స్ట్రామ్ ఘాతం −10 అని గుర్తుంచుకో. ప్రమాణం ఈసారి పెద్దదవుతోంది కాబట్టి సంఖ్య తగ్గాలి, ఘాతం మైనస్ అయిదు దగ్గర ఆగాలి.